పోను సరే, రాను మాటేమిటి?

మన హాస్టళ్ళలో సెలవుల కబుర్ల తీరు మారింది. ఒకప్పుడు ఎక్స్‌కర్షన్ అంటే నాగార్జునసాగరో, అరకులోయో, మరీ సాహసమైతే ఊటీయో. రైలు టిక్కెట్టూ, పులిహోర పొట్లమూ, లెక్చరరు గారి విజిలూ ఉంటే యాత్ర సాగిపోయేది. ఇప్పుడు తెనాలి కుర్రాడు లడక్ అంటాడు. రేపల్లె కుర్రాడు జైసల్మేరు అంటాడు. బాపట్ల అమ్మాయి కచ్ రణ్ చూడాలంటుంది. అదీ రైల్లో కాదు, మోటారు సైకిళ్ళ మీదా, జీపుల్లోనూ. తారురోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడే అసలు యాత్ర మొదలని వీరి వాదం. నాకు సంతోషమే. కాలవ గట్ల మీద పుట్టి పెరిగినవాళ్ళం మనం. నీరన్నది లేని నేల ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలనుకోవడం మెచ్చుకోదగ్గ కోరికే.

అయితే ఈ కబుర్లలో నేను విన్నంతవరకు ఒక మాట ఎప్పుడూ కొరవడుతోంది. ఏ బండి, ఏ బూట్లు, ఏ కెమెరా అన్నది చక్కగా తేలుతుంది. ఎంత దూరం పోవాలన్నదీ తేలుతుంది. "మరి పెట్రోలు సంగతేమిటోయ్?" అంటే మాత్రం, "దార్లో కొట్టిద్దాం లెండి!" అంటారు. ఆ మాట మన వైపు చెల్లుతుంది. తెనాలి నుంచి రేపల్లె పోతూ బండి ఆగిందనుకోండి, కాసేపు తోసుకుంటూ పోతే వేమూరులోనో భట్టిప్రోలులోనో బంకు తగులుతుంది. అది తగిలేలోగానే ఎవరో ఒకాయన ఆగి, "ఏమైంది బాబూ?" అని అడుగుతాడు. ఎడారిలో అడిగేవాడుండడు. ఆ తేడా గురించే ఈ నాలుగు మాటలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎడారి ప్రయాణానికి ఇంధనం లెక్క వేసేవాడు మొట్టమొదట తిరుగు దారి లెక్క వేయాలి. అది పక్కన పెట్టాక మిగిలినదాంతో ఎంత దూరం పోగలడో అదే అతని యాత్ర. మనవాళ్ళు ఈ పని తలకిందులుగా చేస్తున్నారు. ముందు చేరవలసిన చోటు ఖాయం చేసి, తిరిగి రావడాన్ని దేవుడికి వదిలేస్తున్నారు. పద్మవ్యూహం లోపలికి పోవడం తెలిసి, బయటికి రావడం తెలియని అభిమన్యుడి కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ కథ విని కంటతడి పెట్టని తెలుగువాడుండడు. అందులోని లెక్క మాత్రం మనకు ఎక్కినట్టు లేదు.

ముందుగా మైలేజీ సంగతి చూద్దాం. కంపెనీవాడు లీటరుకి ఇంత అని చెప్పే అంకె తారురోడ్డు అంకె. ఇసుకలో అది పనికిరాదు. ఇది నమ్మడానికి రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు పోతే సూర్యలంక. అక్కడ ఒక సైకిలు తీసుకుని, రోడ్డు చివర నుంచి నీటి అంచు దాకా పొడి ఇసుకలో చేత్తో తోసి చూడండి. రోడ్డు మీద ఒక వేలితో కదిలే సైకిలు అక్కడ రెండు చేతులకూ లొంగదు. చక్రం తన బరువుకి తాను గుంట చేసుకుని, అడుగడుగునా ఆ గుంటలోంచి గట్టెక్కుతూ ఉండాలి. మీ భుజాలకు తెలిసిన ఆ కష్టమే ఇంజనుకి పెట్రోలు రూపంలో తెలుస్తుంది. తడి ఇసుక దగ్గరికి రాగానే సైకిలు మళ్ళీ సులువుగా కదులుతుంది. ఒకే సముద్రపు ఒడ్డున, నూరు గజాల తేడాలో, ఖర్చు రెండు విధాలు! ఒక మనవి. ఈ పరీక్షకి చేతిసైకిలు చాలు, మోటారు బళ్ళు ఒడ్డు మీద నడపకండి. మన ఈ తీరానికి సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

మన రైతులకు ఇంకో కొలత తెలుసు. దమ్ము చేసే ట్రాక్టరుకి లీటరుకి ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగరు, గంటకి ఎన్ని లీటర్లని అడుగుతారు. ట్రాక్టరు డయలు మీద గంటల మీటరు పెట్టింది అందుకే. బురదలో చక్రం తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం అంగుళాల్లో కదులుతుంది. ఇసుకా అంతే. మొదటి గేరులో, రెండో గేరులో గంటసేపు ఏడ్చిన బండి పది కిలోమీటర్లే పోయి ఉండవచ్చు, తాగవలసింది మాత్రం తాగేసి ఉంటుంది. కాబట్టి ఎడారికి పోయేవాడు కిలోమీటర్ల లెక్కతో పాటు గంటల లెక్క కూడా కాగితం మీద పెట్టుకోవాలి.

ఇక ఒక ఉదాహరణ. హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి నుంచి లేహ్ పోయే దారిలో తాండి అనే చోటొకటి ఉంది. చంద్రా, భాగా నదులు కలిసే చోటు. అక్కడి బంకు దగ్గర తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని చెప్పే బోర్డు దేశమంతటి యాత్రికులకూ పరిచితం. ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకోని తెలుగువాడు అరుదు. ఫొటో తీసుకుంటున్నంత శ్రద్ధగా ఆ అంకెని చదివేవాడు ఇంకా అరుదు. మధ్యలో ఎక్కడైనా బంకు ఉందని ఎవరైనా చెప్పినా, ఆ రోజు అందులో పెట్రోలు ఉంటుందని నమ్మి బయలుదేరకూడదన్నది నా నియమం.

లెక్క చూడండి. మీ మోటారు సైకిలు మన గుంటూరు రోడ్డు మీద లీటరుకి 35 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. ట్యాంకు 13 లీటర్లు. హెచ్చవేస్తే 455 కిలోమీటర్లు. "365కి ఇంకేం భయం?" అనిపిస్తుంది. కాని ఆ దారిలో తంగ్‌లాంగ్ లా అనే కనుమ 5,300 మీటర్లకు పైన ఉంది. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానికి సుమారు అరవై శాతమే. కార్బొరేటరు ఉన్న పాత బండి అయితే గాలి చాలక, పెట్రోలు ఎక్కువై, నల్లపొగ కక్కుతుంది. 2020 తరువాత వచ్చిన కొత్త బళ్ళు గాలికి తగ్గట్టు పెట్రోలు సర్దుకుంటాయి గాని, ఎత్తు ఎక్కే శ్రమా, వెనక కట్టిన సామానూ, ఎదురుగాలీ, రాళ్ళదారిలో చిన్న గేర్లూ వాటికి మాత్రం తప్పుతాయా? లీటరుకి 22 వేసుకుందాం. 365కి 16 లీటర్లన్నర పైనే అవుతుంది. మీ ట్యాంకు అక్కడే ఓడిపోయింది. దానిపైన దారి తెగితే వెనక్కి రావడానికీ, వాగు దగ్గర ఆగడానికీ మూడో వంతు కలపండి. 22 లీటర్లు. అంటే ట్యాంకు గాక మరో 9 లీటర్లు, రెండు అయిదు లీటర్ల క్యాన్లు. ఈ లెక్కకి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు, అయిదో తరగతి చాలు. అయినా వేసేవాడు తక్కువ.

లెక్క వేశాక దాచుకునే పాత్ర సంగతి ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిషు సైన్యం నాలుగు గ్యాలన్ల పల్చటి రేకు డబ్బాల్లో పెట్రోలు మోసేది. మన ఇళ్ళల్లో బియ్యానికీ, నీళ్ళకీ వాడిన పాత కిరసనాయిలు డబ్బా లాంటివే. లారీ కుదుపులకి అతుకులు ఊడి, గమ్యం చేరేసరికి ఒక్కోసారి మూడో వంతు నేలపాలయ్యేది. జర్మన్ల దగ్గర 20 లీటర్ల గట్టి క్యాను ఉండేది. బిగుతైన మూత, మూడు పిడులు, ఎండకి పెట్రోలు పొంగితే పట్టేందుకు లోపల కాస్త ఖాళీ. బ్రిటిషువాళ్ళు దొరికిన ప్రతి క్యానునీ దాచుకుని, చివరికి దాన్నే కాపీ చేశారు. జర్మన్లని వాళ్ళు వెక్కిరించే 'జెర్రీ' అనే పేరే ఆ క్యానుకి నిలిచిపోయింది. ఇక మనవాళ్ళు? మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పోసి, సీటు కింద తాడుతో కడతారు! 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు గాని, పాత్ర లోహపుదైతే 25 లీటర్లు మించకూడదు, మూత భద్రంగా ఉండాలి. చట్టం సరే, ఎండలో ఆ ప్లాస్టిక్ సీసా మీద కూర్చున్నది మీరేనని మరిచిపోకండి.

మూత ఎంత పని చేస్తుందో చెప్పే కథ ఇంకొకటి ఉంది. దక్షిణ ధ్రువ ఖండం కూడా ఎడారే, వాన లేని మంచు ఎడారి. 1912 జనవరిలో స్కాట్ దొర మరి నలుగురితో ధ్రువం చేరాడు. తిరుగు దారిలో తాము ముందుగా దాచిన నూనె డబ్బాలు తెరిస్తే నూనె తగ్గి ఉంది. చలికి మూతల తోలు వాషర్లు పట్టు వదిలాయి. అదే ఖండంలో అముండ్‌సెన్ తన డబ్బాలకి టంకం వేయించి పెట్టాడు. ఇంకో సంగతి కూడా ఉంది. స్కాట్ దాచిన ముఖ్యమైన డిపో 80వ అక్షాంశం దగ్గర ఉండాలని ముందు అనుకున్నారు. గుర్రాలు నీరసించాయని ముప్పై మైళ్ళ ఇవతలే దింపేశారు. ఆఖరికి మిగిలిన ముగ్గురూ గుడారంలో ప్రాణాలు విడిచిన చోటు ఆ డిపోకి 11 మైళ్ళ దూరం. వాళ్ళు వీరులే, ఎవరూ కాదనరు. వాళ్ళ వీరత్వం పోయే దారికి చాలింది. రావడానికి కావలసినవి ఒక మంచి మూతా, ముప్పై మైళ్ళూ.

"మధ్యలో పెట్రోలు దాచుకుంటూ పోతే ఎంత దూరమైనా పోవచ్చు కదా" అని లెక్కల విద్యార్థులు అడగవచ్చు. అడగాలి కూడా. ఈ ప్రశ్న చాలా పాతది. సుమారు 1,200 ఏళ్ళ కిందటి అల్క్విన్ అనే పండితుడి పేరున ప్రచారంలో ఉన్న లెక్కల సంకలనంలో, తాను మోసే ధాన్యాన్నే దారిలో తినే ఒంటె లెక్క ఉంది. 1947లో ఫైన్ అనే గణితజ్ఞుడు దీన్ని జీపు లెక్కగా ప్రకటించాడు. జీపు ఒక విడతకి ఒక ట్యాంకు పెట్రోలే మోయగలదు, దానితో 100 కిలోమీటర్లు పోతుంది అనుకోండి. ఒక ట్యాంకుతో పోయి రాగల దూరం 50 కిలోమీటర్లు. రెండో ట్యాంకు కూడా ఉంటే ఏం చేస్తారు? మొదటి విడత 25 కిలోమీటర్లు పోయి, సగం ట్యాంకు అక్కడ దాచి, వెనక్కి వస్తారు. రెండో విడత అక్కడికి చేరి పావు ట్యాంకు నింపుకుని మరో 50 పోతారు. మళ్ళీ ఆ డిపోకి ఖాళీగా వచ్చి, మిగిలిన పావుతో ఇల్లు చేరతారు. రెట్టింపు పెట్రోలు ఖర్చు పెడితే 50 కాస్తా 75 అయింది, అంతే! 100 కిలోమీటర్లు పోయి రావాలంటే నాలుగో ట్యాంకు కూడా తెరవాలి. 200 పోయి రావాలంటే ఎన్నో తెలుసా? 31 ట్యాంకులు. అదే 200 కిలోమీటర్లు పోయి, రాకపోతే 8 చాలు!

ఈ రెండంకెలు 8, 31 నేను ఎప్పుడూ మరిచిపోలేను. తిరిగి రావడమన్నది పోవడానికి రెట్టింపు ఖర్చని మనం పొరబడుతుంటాం. దూరం పెరిగేకొద్దీ అది రెట్టింపుతో ఆగదు. 1942లో అదే ఉత్తర ఆఫ్రికా ఎడారిలో రోమెల్ సేనకి తగిలిన దెబ్బల్లో ఇదొకటి. రేవుల నుంచి యుద్ధరంగానికి పెట్రోలు మోసే లారీలే అందులో పెద్ద వాటా తాగేసేవి.

ఇంత దూరం పోయి చెప్పిన ఈ సూత్రం మన నిజాంపట్నం మరబోట్లవాళ్ళకి కొత్త కాదు. సముద్రంలో బంకులుండవు. వేట బాగా పడుతోంది కదా అని డీజిలు అడుగంటేదాకా ముందుకు పోయేవాడు సరంగు అనిపించుకోడు. గాలి తిరిగితే, నీటి పోటు ఎదురైతే, మొగ దగ్గర ఇసుక మేట వేసి పోటు వచ్చేదాకా ఆగవలసివస్తే, ఆ అదనపు గంటలకి డీజిలు ఎవరిస్తారు? ప్రపంచంలో చాలాచోట్ల పడవలు నడిపేవాళ్ళు చెప్పుకునే మూడు వంతుల సూత్రం ఒకటుంది. ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. ఎడారికి పోయే మన కుర్రాళ్ళు దీన్ని చొక్కా జేబులో రాసిపెట్టుకుంటే చాలు. సగం అయిపోయాక వెనక్కి తిరగాలనుకునేవాడు ఆలస్యం చేసినట్టే. మూడో వంతు అయిపోగానే తిరగాలి. ఎదురుగా ఎంత అందమైన ఇసుకతిన్నె ఉన్నా సరే.

జట్టుగా పోయేవాళ్ళకి ఇంకో మాట. జట్టు రేంజి అంటే అందరి సగటు కాదు, అన్నిటికన్నా ఎక్కువ తాగే బండి రేంజి. క్యాన్లన్నీ ఒకే జీపులో పెట్టకూడదు. ఆ జీపు బోల్తాపడితే అందరి రాకా బోల్తాపడుతుంది. మనిషికి నీళ్ళు కూడా ఇంధనమేనని మరవకండి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగితే, లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. బరువు పెరిగిందని నీళ్ళు తగ్గించేవాడితో ప్రయాణం చేయకండి.

"మీరు మరీ పంతులు గారిలా లెక్కలు చెబుతున్నారు, ఇంత లెక్కైతే సాహసమేముంది?" అని మా మేనల్లుడు నన్ను అడిగాడు. "ఫోన్లున్నాయి కదా మావయ్యా, ఎక్కడున్నామో అదే చూపిస్తుంది" అని కూడా అన్నాడు. చూపిస్తుంది, నిజమే. మనం ఎక్కడ ఆగిపోయామో చాలా కచ్చితంగా చూపిస్తుంది. ట్యాంకులో పెట్రోలు పోయదు. ఇక సాహసం సంగతి. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే ఇంజనీరు అధికారి 1920ల్లో, 30ల్లో మామూలు ఫోర్డు కార్లతో లిబియా ఎడారిలో ఎవరూ దాటలేరన్న ఇసుకతిన్నెలు దాటాడు. టైర్లలో గాలి తగ్గించి చక్రం మునగకుండా చూసుకున్నాడు. రేడియేటరు ఆవిరిని పట్టి మళ్ళీ నీరు చేసుకున్నాడు. పెట్రోలుకీ నీటికీ చుక్క చుక్కకీ లెక్క రాసుకున్నాడు. 1941లో ఇసుక కదలిక మీద శాస్త్రగ్రంథమే రాశాడు. అతన్ని పిరికివాడని ఎవరంటారు? లెక్క ఉన్నవాడికే అంత దూరపు సాహసం చేతికందింది.

లడక్ దారిలో నేను చూసినది కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం మంచు కరిగి, వాగు పొంగి, దారి మూసుకుంది. అటూ ఇటూ బళ్ళు బారులు తీరాయి. చలికి కొందరు ఇంజన్లు ఆపలేదు. సాయంత్రానికి ఒక కుర్రాళ్ళ జట్టు ప్రతి బండి దగ్గరికీ వచ్చి, "రెండు లీటర్లుంటే ఇప్పించండి" అని అడగడం మొదలుపెట్టింది. వాళ్ళలో ఒకడికి ఎత్తు పడక తల పగిలిపోతోంది, వెంటనే కిందికి దింపాలి. చాలామంది తలుపు అద్దాలు దించలేదు. వాళ్ళని తప్పుపట్టలేం, వాళ్ళ దగ్గరా లేదు మరి. మేము మూడో వంతు ముట్టుకోకుండా ఉంచుకున్నాం గనక మూడు లీటర్లు ఇవ్వగలిగాం. అప్పుడు నాకనిపించింది, రిజర్వు ఉంచుకోవడం లోభితనం కాదని. ఉన్నవాడే కదా పెట్టగలడు! లెక్క లేకుండా పోయినవాడు తన ప్రాణాన్ని పక్కవాడి క్యాను మీద ఆధారపెట్టి పోతున్నాడు. అది ధైర్యమని నేను ఒప్పుకోను. అడక్కుండా చేసిన అప్పు అది.

కనుక విద్యార్థి సంఘం మిత్రులకు నా మనవి ఒకటే. యాత్రలు వద్దనకండి, ఆపకండి. బయలుదేరే ప్రతి జట్టు దగ్గరా ఒక్క కాగితం తీసుకోండి. అందులో నాలుగే పద్దులు. ఒకటి, సామానుతో సహా ప్రతి బండీ గతుకుల దారిలో ఇచ్చిన అసలు మైలేజీ. రెండు, బంకుకీ బంకుకీ మధ్య దూరం, ఆ దూరానికి కావలసిన లీటర్లు, దానిపైన మూడో వంతు. మూడు, క్యాన్లెన్ని, ఏ బండిలో ఎన్ని. నాలుగు, ఎక్కడ, ఏ గంటకి, ట్యాంకులో ఎంత ఉండగా వెనక్కి తిరుగుతారు. ఆ నాలుగో పద్దు బయలుదేరకముందే, మనసు చల్లగా ఉన్నప్పుడే రాయాలి. ఇసుకతిన్నె ఎదుట నిలబడ్డాక ఎవడూ నిజం రాయడు. కాగితం ఒక ప్రతి సంఘం బీరువాలో, ఒక ప్రతి ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఉండాలి. భౌతికశాస్త్రం లెక్చరరు గారొకరు ఒక్క పది నిమిషాలు చూసి సంతకం పెడితే ఇంకా మేలు. రేపు అందరూ కరెంటు బళ్ళు ఎక్కినా ఈ కాగితం మారదు. లీటర్లున్న చోట యూనిట్లని రాసుకుంటే సరి.

వచ్చే ఏటి సంచికలో లడక్ నుంచో, కచ్ నుంచో, జైసల్మేరు నుంచో వచ్చినవాళ్ళు తమ యాత్రావిశేషాలు రాయాలని, మేమంతా చదవాలని నా కోరిక. రాయాలంటే ముందు తిరిగి రావాలి కదా!